ఉప్పుటేట్లో ఆల్చిప్పల దిబ్బ మళ్లీ లేస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో ఉప్పుటేటి పక్క ఊరు. నాలుగు ఎకరాల్లో వనామి రొయ్య వేస్తున్నాను. నా చిన్నతనంలో ఏటి అంచున ఆల్చిప్పలు రాళ్లలా దిబ్బలు కట్టి ఉండేవి. సున్నపు బట్టీలకు తవ్వుకుపోయాక బురదే మిగిలింది. ఇప్పుడు ఏటి వైపు చెరువు కట్ట ఏటా కోసుకుపోతోంది. ఖాళీ చిప్పలు తెచ్చి పోస్తే దిబ్బలు మళ్లీ కడతాయంటున్నారు. నిజమేనా? రెండు ట్రాక్టర్ల చిప్ప తెప్పించమంటారా?
– ఒక ఆక్వా రైతు

జవాబు: ట్రాక్టర్లు ఇప్పుడే మాట్లాడుకోకండి. మీరు విన్నది నిజమే కానీ, సగమే.

ఆల్చిప్ప పిల్ల పుట్టగానే రెండు మూడు వారాలు నీటిలో కొట్టుకు తిరుగుతుంది. ఆ తర్వాత గట్టి, శుభ్రమైన చోటు వెతుక్కుని అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే జన్మలో కదలదు. దానికి అన్నిటికంటే ఇష్టమైన చోటు మరో ఆల్చిప్ప. అలా ఒకదానిపై ఒకటి పేరుకునే మీరు చూసిన దిబ్బలు తయారయ్యాయి. చిప్పలన్నీ బట్టీకి వెళ్లాక పిల్ల వచ్చినా కూర్చునే చోటు లేక బురదలో ఊపిరాడక చచ్చిపోతుంది. ఇది మీ ఊరి కథే కాదు. ప్రపంచంలోని ఆల్చిప్పల దిబ్బల్లో దాదాపు 85 శాతం పోయాయని 2011లో ఒక అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టింది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: మీ ఏటికి ఇప్పుడు పిల్ల వస్తోందా? వస్తుంటే చిప్ప పోయడం పరుపు వేసినట్టు. రాకపోతే డబ్బు బురదలో పోసినట్టు.

పరీక్ష చవక. నైలాన్ తాడుకు ఐదారు ఖాళీ చిప్పలను జానెడు ఎడంతో గుచ్చండి. తూత్తుకుడిలో, కేరళలోని అష్టముడి సరస్సులో ఆల్చిప్పలు పెంచేవారు వాడేదీ ఇలాంటి దండలే. ఈశాన్య రుతుపవనాల వరద తగ్గి నీటి ఉప్పదనం కుదురుకున్నాక, జనవరి నుంచి నాలుగైదు చోట్ల సరుగుడు గుంజలకు కట్టండి. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు కూడా కింది చిప్పలు నీటిలోనే ఉండాలి. పదిహేను రోజులకోసారి పాత దండ తీసి కొత్తది కట్టండి. ముందే కట్టి నెలల తరబడి వదిలేస్తే పాచి, బర్నకిల్స్ (గట్టి గుల్లతో అతుక్కునే మరో జీవి) చోటు ఆక్రమిస్తాయి.

తీసిన చిప్పను ఎండకు ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూడండి. పల్చగా, పొలుసులా చిప్పకే అంటిపెట్టుకుని ఉన్న చుక్క ఆల్చిప్ప పిల్ల. చిన్న కొండలా లేచి నడినెత్తిన రంధ్రం ఉన్నది బర్నకిల్. చాలామంది రెండోదాన్ని చూసి సంబరపడతారు.

పిల్ల పడితే, అప్పుడు చిప్ప సేకరించండి. తెచ్చిన చిప్పను కనీసం ఆరు నెలలు ఎండబెట్టాలి. పచ్చి మాంసం అంటుకున్న చిప్పతో వేరే చోటి రోగాలు మీ ఏటికి వస్తాయి. మెత్తటి బురదలో నేరుగా పోస్తే వారంలో దిగిపోతుంది. కొబ్బరి పీచు వల సంచుల్లో నింపి, కాస్త గట్టి నేల ఉన్నచోట వరుసగా పేర్చండి. పడవల దారి వదిలేయండి.

ఇక కట్ట సంగతి. దిబ్బ నీటి మట్టం దాకా ఎదిగితే రోజూ కొట్టే చిన్న అలలను, పడవల అలలను విరుస్తుంది. దాని వెనుక ఒండ్రు నిలిచి, మడ మొక్కలకూ చోటు దొరుకుతుంది. తుపాను అలను మాత్రం ఆపదు. ఏరు మలుపు తిరిగి కట్ట అడుగును తొలిచే చోట కూడా దీన్ని నమ్ముకోవద్దు. సందుల్లో మండపీతలు, చిన్న రొయ్యలు దాక్కుంటాయి, వాటి కోసం పండుగప్ప వస్తుంది. చేత్తో పీతలు పట్టి బతికే యానాది కుటుంబాలకు ఇది మీ కట్టకంటే పెద్ద లాభం. స్థలం ఎంచేటప్పుడు వారిని అడగండి, ఏరు వారికి తెలిసినంత నాకు తెలియదు.

నీటిని వడకట్టడంలోనూ ఆల్చిప్పకు సాటి లేదు. అమెరికా తూర్పు తీరపు జాతి అనుకూల పరిస్థితుల్లో రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుందని లెక్క. మన జాతి వేరు, ఆ అంకె ఇక్కడ అతికించకూడదు, కానీ పని అదే. అయితే దిబ్బ ఉంటే రొయ్యలకు వైట్ స్పాట్ (తెల్లమచ్చల రోగం) రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. పైగా మీరు బ్లీచింగ్ కలిపిన నీటిని ఏట్లోకి వదిలితే ముందు చచ్చేది ఈ పిల్లే. ఈ మాట మీ ఇరుగుపొరుగు రైతులకూ చెప్పాలి.

వడకట్టిన మురికి చిప్ప మాంసంలో చేరుతుంది కనుక ఆ ఏటి ఆల్చిప్పలను పచ్చిగా తినకండి. ఏరు మీ సొంతం కాదు, తీర నియంత్రణ పరిధిలోది. గుంజ పాతే ముందే మత్స్యశాఖ కార్యాలయంలో, పంచాయతీలో అడగండి. మడ చెట్లున్న చోట అటవీ శాఖవారినీ అడగాలి.

మొదటి దండ తీసిన రోజున ఒక చిప్పను తడి గోనెలో చుట్టి మా దగ్గరికి తీసుకురండి. పిల్లో, బర్నకిలో ఇద్దరం కలిసి చూద్దాం.