గోదావరి వంతెనలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గోదావరిలో ఎంత తవ్వినా ఇసుకే కదా. రాజమండ్రి దగ్గర వంతెన స్తంభాలు దేని మీద నిలబడ్డాయి? (కొవ్వూరు)

జవాబు: బావుల మీద. నీరు తగ్గిన నెలల్లో ఇసుక దిబ్బ పోసి, పదునైన అంచున్న ఉక్కు చట్రాన్ని దాని మీద పరుస్తారు. ఆ చట్రం మీద మందపాటి గోడ కొంత ఎత్తు లేపి, లోపలి ఇసుకను గ్రాబ్‌తో (దవడల్లా మూసుకునే ఇనుప తొట్టితో) తోడతారు. తోడిన కొద్దీ బావి తన బరువుకు తానే దిగుతుంది. మళ్లీ గోడ, మళ్లీ తోడకం. దిగనని మొరాయిస్తే పైన బరువులు పేరుస్తారు, గోడ వెంట నీటి జెట్లు కొట్టి ఇసుక పట్టు సడలిస్తారు.

ఇందులో చెడేవి ముఖ్యంగా రెండు. ఒకటి, బావి ఒరగడం. 80కి 1 వంతు, అంటే 80 మీటర్ల నిలువుకు ఒక మీటరు మించి ఒరగకూడదు. ఎత్తుగా ఉన్న వైపు ఎక్కువ తవ్వి, ఆ వైపే బరువు పెట్టి సరిచేస్తారు. ఈ పని మొదటి కొన్ని మీటర్లలోనే జరగాలి. లోతుకు వెళ్లాక చుట్టూ ఇసుక బిగిసిపోయి బావి మాట వినదు. రెండోది, తొందరపడి లోపలి నీరు తోడెయ్యడం. బయటి నీటి ఒత్తిడికి అడుగు నుంచి ఇసుక బుస్సున పొంగి, బావి ఒక్కసారిగా కూలబడుతుంది. అందుకే లోపలి నీటిమట్టం బయటికంటే తగ్గనివ్వరు. అడుగున కాంక్రీటు బిరడా కూడా నీటిలోనే, గొట్టం ద్వారా పోస్తారు. అది గట్టిపడ్డాక ఇసుక నింపి, పైన మూత వేసి, స్తంభం లేపుతారు.

ఎంత లోతు అన్నది కోతను బట్టి ఉంటుంది. వరద నీరు స్తంభాన్ని ఢీకొని కిందికి దూకి, సుడి తిరుగుతూ స్తంభం మొదలు దగ్గరి ఇసుకను తవ్వేస్తుంది. వరద తీశాక ఆ గుంట మళ్లీ ఇసుకతో పూడిపోతుంది కాబట్టి వేసవిలో చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. లెక్క ఇలా కడతారు: గరిష్ఠ వరద మట్టం నుంచి మామూలు కోత 15 మీటర్లనుకుంటే స్తంభం దగ్గర దానికి రెట్టింపు, 30. పట్టు కోసం మరో మూడో వంతు కలిపి 40 మీటర్ల దాకా బావి దిగాలి. వంతెన పక్కన ఇసుక తవ్వితే పోయేది ఆ పట్టే. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ప్రశ్న: రోడ్ కం రైలు వంతెన పొడవు 2.8 కిలోమీటర్లా, 4.1 కిలోమీటర్లా? దాని మీద రోడ్డు తరచూ ఎందుకు పాడవుతుంది? (నిడదవోలు)

జవాబు: రెండు అంకెలూ సరైనవే. 1974లో తెరిచిన ఈ వంతెనలో రైలు కింద, రోడ్డు పైన. రైలు భాగం 2.8 కిలోమీటర్లు. లారీలు ఆ ఎత్తుకు మెల్లటి వాలులో ఎక్కి దిగాలి కనుక రోడ్డు 4.1 అయింది. మొత్తం స్పాన్లలో, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాల్లో, 91.5 మీటర్లవి 27, 45.7 మీటర్లవి 7. ఈ చిన్నవాటిలో ఆరు రాజమండ్రి వైపు 6 డిగ్రీల వంపులో ఉన్నాయి. ఒడ్డు దాకా ఇళ్లున్న ఊరు కాబట్టి ఆ వంపు తప్పలేదు.

ఇక రోడ్డు సంగతి. 91.5 మీటర్ల ఉక్కు స్పాన్ 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 44 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక కొస బిగించి, రెండో కొస కదిలేలా వదులుతారు. స్పాన్‌కీ స్పాన్‌కీ మధ్య ఆ సందును కప్పే జాయింట్ల మీద ప్రతి లారీ చక్రమూ దెబ్బ వేస్తుంది. జాయింటు చిరిగితే నష్టం కుదుపుతో ఆగదు. వాన నీరు, దుమ్ము నేరుగా బేరింగుల (స్పాన్ కొసలు స్తంభం మీద ఆని కదిలే దిమ్మెల) మీదికి దిగి తుప్పు పట్టిస్తాయి. బేరింగు బిగుసుకుంటే ఆ తోపుడంతా స్తంభం తల మీద పడుతుంది. కాబట్టి జాయింట్ల మరమ్మతుకు రాకపోకలు ఆపినప్పుడు ఓపిక పట్టడమే మేలు.

ప్రశ్న: పాత హేవలాక్ వంతెన గట్టిగానే ఉంది కదా, రైళ్లు ఎందుకు ఆపేశారు? (రాజమండ్రి)

జవాబు: కంటికి కనిపించే గట్టితనం వేరు, ఉక్కు అలసట వేరు. 1897 నవంబరులో పని మొదలై 1900 ఆగస్టులో తెరుచుకున్న 56 స్పాన్ల వంతెన అది. కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన గ్రాన్‌విల్ వాల్టనే దీనికీ ఇంజనీరు. అప్పటి ఇంజన్ల బరువు వేరు. ప్రతి ఇరుసు దాటినప్పుడల్లా గర్డరు (పట్టాలు మోసే ఉక్కు దూలం) కాస్త వంగి లేస్తుంది. కోట్లసార్లు అలా జరిగాక రివెట్ల రంధ్రాల దగ్గర సన్నటి పగుళ్లు మొదలవుతాయి. పాత ఉక్కు వంతెన మీద తనిఖీ చేసేవారు రివెట్టు తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొడతారు. వదులైంది వేలికి అదురుతుంది. 1997లో దీనికి విశ్రాంతి ఇచ్చారు. ఆ రాతి స్తంభాలను ఊరు కాపాడుకోవాలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: పక్కనే ఉన్న ఆర్చి వంతెనలో ఆ వంపులు అందానికేనా? (తణుకు)

జవాబు: కాదు. విల్లు, నారి గుర్తు తెచ్చుకోండి. బరువు పడితే వంపు రెండు కొసలూ బయటికి తన్నుతాయి. పట్టాలు మోసే కాంక్రీటు గర్డరు నారిలా వాటిని లాగి పట్టుకుంటుంది. దాంతో ఆ తన్ను స్తంభం మీద పడదు, దానికి నిలువు బరువే మిగులుతుంది. అందువల్ల ఒక్కో స్పాన్‌ను 97.55 మీటర్లకు పెంచగలిగారు. పాత వంతెనలో 56 అయినవి ఇక్కడ సరిగ్గా సగం, 28 అయ్యాయి. అంటే నది మధ్యలో దించాల్సిన బావులూ దాదాపు సగానికి తగ్గాయన్నమాట.