ఇంగ్లండ్ చెరువుల్లో గాలం ప్రతిసారీ ఒకే చోట పడాలంటే ఏం చేయాలి?

ముందు దిశ కుదరాలి. అవతలి గట్టున కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. చెట్టు మొదలైనా, కంచె స్తంభమైనా సరే. నీటిలో కనిపించే నీడను నమ్మవద్దు, వెలుగు మారితే అదీ మారిపోతుంది.

అసలు చిక్కు దూరంతోనే. రీలు చుట్ట పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది. గాలం కోరిన చోట పడ్డాక దారాన్ని అందులో ఇరికిస్తే, మళ్లీ విసిరినప్పుడు అంతకు మించి పోదు. దారం ఆగబోయే క్షణంలో కర్రను నిలువుగా ఎత్తండి. కుదుపు కర్ర మీదికి పోయి, ఎర చెదరకుండా మెత్తగా దిగుతుంది. అయితే పెద్ద కార్ప్ చేప ఎర మింగి పరుగు తీస్తే క్లిప్పు దగ్గర దారం తెగి, నోట్లో గాలంతోనే చేప వెళ్లిపోతుంది. ఆ పాపం మనకొద్దు. గాలం దిగగానే దారాన్ని క్లిప్పు నుంచి తప్పించండి. మళ్లీ అదే దూరం కావాలంటే గట్టున 12 అడుగుల ఎడంతో రెండు పుల్లలు పాతి, దారం ఎన్నిసార్లు వాటి మధ్య సాగిందో ముందే లెక్కపెట్టుకోండి. తర్వాత అన్నిసార్లే సాగదీసి దారాన్ని మళ్లీ క్లిప్పులో ఇరికించండి. 10 సార్లంటే 120 అడుగులు.

రోచ్, బ్రీమ్ చేపలకు ఈగ పురుగులు మంచి ఎర. పురుగు మొద్దు కొసన కళ్లలాంటి రెండు మచ్చలుంటాయి. అక్కడ చర్మానికి మాత్రమే గాలం గుచ్చితే అది నీటిలో మెలికలు తిరుగుతూనే ఉంటుంది. విడిగా చల్లే మేత కూడా సరిగ్గా గాలం పడిన చోటే పడాలి. ఒక్కసారే గుప్పించకుండా పదేసి పురుగులు తరచుగా వేయండి.