అల్లుడికి, మంద కొనే ముందు

అల్లుడూ,

మంద పెడత, వీటిని గూడ పెంచుదమా అని నువ్వు పంపిన అల్పాకాల వీడియో మీ అత్తకు గూడ చూపించిన. ఆ అల్పాకాలు మస్తు ముద్దుగున్నయ్, మెడ పొడుగు, మొఖం ఒంటె లెక్క, ఒంటె జాతేనంట గదా. పెరూ కొండలల్ల చలిల బతికే జీవం, 11 నెలలు మోసి ఒక్కటే పిల్లను ఈనుతదని నువ్వే చెప్తివి, మరి మన మక్తల్ ఎండల దాన్ని కూలర్ ముందట కట్టేస్తవా ఏంది. బొచ్చు కోసం అంటవా, మన నల్ల గొర్రెకు బొచ్చు లేదా? అయితే ఆ బొచ్చు మీద గూడ ఆశ పెట్టుకోకు. మా నాయిన కాలంల చింతపిక్కల గంజి పెట్టి నేసిన గొంగడి కప్పుకుంటే వానకు తడ్వకపోదుము, ఇప్పుడు ఆ గొంగడి కొనేటోడే లేడు, ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించనీకి మనమే ఎదురు పైసలిస్తున్నం. గొర్రెలల్ల లాభమంతా పిల్లలు అమ్ముడు మీదనే.

హైదరాబాద్ నౌకరి ఇడిసిపెట్టి వస్త అన్నవ్, రా, మంచిదే. కానీ ఒక్కసారే 100 గొర్రెలు 5 పొట్టేళ్ళు, సగం సబ్సిడీ వస్తది, లోన్ తీసుకుంట అంటున్నవ్ చూడు, ఆడనే నాకు భయమైతుంది. సబ్సిడీ అబద్ధం కాదు, కేంద్రం పథకంల ఆ యూనిట్‌కు 10 లక్షల దాకా ఉంది. కానీ ముందుగాల నీకు జీవం మొఖం చూసి కడుపునొప్పా జ్వరమా తెల్వాలె గదా, అది తెల్వక ముందే 100 పెడితే ఏది ఏందో గుర్తు గూడ పట్టలేవ్. 12, 15 గొర్రెలతోని మొదలుపెట్టు, ఒక్క పొట్టేలు సాలు (ఒక పొట్టేలు 25, 30 గొర్రెలను సంబాళిస్తది). షెడ్డు గిట్ల లక్షలు పెట్టకు, వాన పడకుండ పైన రేకులు, నీళ్ళు నిలవని ఎత్తు జాగ, చుట్టూ కుక్కలు రాకుండ కంచె, గంతే.

సంతల కొనకు. నేను కొన్న, ఒకపాలి 9 గొర్రెలు అగ్గువకు దొరికినయని ఆ రోజే తెచ్చి నా మందల కలిపిన. నాలుగో రోజు నుంచి ముక్కులు కారుడు, నోట్ల పుండ్లు, నీళ్ళలెక్క పారుడు, పీపీఆర్ (పారుడు రోగం) అన్నడు డాక్టర్. కొన్నయి పోయినయ్, వాటితోని నా పాతయి గూడ 14 పోయినయ్. అగ్గువ అనుకున్నదానికి ఎంత కట్టిన్నో చూడు. అందుకే ఒక్కని మందలనే తీసుకో, తెచ్చినంక 3, 4 వారాలు ఏరేగ ఉంచు, పీపీఆర్ టీకా వేపియ్యి, నట్టల (కడుపుల పురుగుల) మందు తాపియ్యి, అప్పుడు కలుపు. ఇగ చిటుక రోగం టీకా మాత్రం వానలు పడకముందే, మే నెలలనే పడాలె. తొలకరికి లేత గడ్డి మొలుస్తది చూడు, అది ఆకలి మీద కడుపు నిండ మేసిన మంచి బలమైన పిల్లనే పొద్దున చూస్తే కాళ్ళు చాపి పడి ఉంటది, బక్కది కాదు, బలిసిందే పోతది. జొన్న లేత మోసులల్లకు గూడ ఇడువకు, విషం. ఏమన్నైతే 1962కు ఫోన్ కొట్టు, పశువుల అంబులెన్స్ వస్తది.

పైసలు పెట్టాలంటే పొట్టేలు మీద పెట్టు. గొర్రె మంచిది కాకపోతే దాని పిల్ల ఒక్కటే ఖరాబైతది, పొట్టేలు మంచిది కాకపోతే మందంతా ఖరాబే. రెండు పళ్ళది లేకుంటే నాలుగు పళ్ళది (ఏడాదిన్నర, రెండేండ్ల వయసుది) చూడు, ఎనకకు పోయి వృషణాలు చేత పట్టి చూడు (సిగ్గుపడకు, కొనేది నువ్వు), రెండు సమంగ ఉండాలె, గడ్డలుండొద్దు. రెండేండ్లకోసారి మార్చు, లేకుంటే దాని బిడ్డలనే అది కడతది. చానామంది బరువు కోసం నెల్లూరు పొట్టేలు ఇడిసిండ్రు, పొడుగు పిల్లలైతే వచ్చినయ్ గానీ అసలు నల్ల గొర్రె ఇప్పుడు వెతుక్కోవాల్సొస్తుంది. నీ చేన్లల్ల మేత తక్కువ, తిరుగుడు ఎక్కువ, నల్లదే ఉంచుకో అని నా మాట.

ఇంకోటి. పొట్టేలు ఇడిసేముందు రెండు మూడు వారాలు గొర్రెలకు తలా పావుకిలో దాణా పెట్టు, ఎద మంచిగొస్తది. పొట్టేలు రొమ్ముకు జాజు (ఎర్రమన్ను) నూనెల కలిపి పుయ్యి, పొద్దుగూకంగ ఏ గొర్రె నడుము ఎర్రగైందో చూసి తారీఖు రాసుకో. 17 రోజులకు మళ్ళ ఎర్రగైతే చూలు నిలవనట్టు, కాకపోతే అయిదు నెలలకు ఈనుతది. జూన్, జులైల కడితే నవంబర్, డిసెంబర్‌ల పిల్లలొస్తయ్, అప్పటికి పల్లి కట్టె ఇంట్లనే ఉంటది, ఎనకనే కంది పొట్టు గూడ వస్తది.

ఈనే రాత్రి ఫోన్ చూసుకుంట పండుకోకు, కాడనే ఉండు. పోయిన కార్తీకంల ఒక పిల్ల పడంగనే ఊపిరి లేదు, నోట్ల ముక్కుల జిగట వేలుతోని తీసేసి, ఎనక కాళ్ళు పట్టి తలకిందికి ఒకసారి ఊపి, గడ్డిపోస ముక్కుల పెడితే తుమ్మింది, గంతే లేసింది. బొడ్డుకు అయోడిన్ పుయ్యి, ఒక్క గంట లోపలనే జున్నుపాలు తాపియ్యి, ఆ పాలు ఆలస్యమైతే ఎంత దాణా పెట్టినా ఆ పిల్ల తేరుకోదు. తల్లి దగ్గరికి రానియ్యకపోతే పిల్ల మీద జర ఉప్పు సల్లు, నాకుకుంట నాకుకుంట అదే మరుగుతది.

వచ్చే ఐతారం రా. పక్కూర్ల ఒకాయన 12 గొర్రెలు ఇస్త అంటున్నడు, పగటిపూట పోవద్దు, మంద ఇంటికి మళ్ళేటప్పుడు పోదం, ఏది కుంటుతుందో ఏది ఎనకబడుతుందో దారి మీదనే కనపడ్తది. పైసలు తేకు, ఆ రోజు చూసుడే.

మీ మామ