తెలియదనే కొడుకు, నమ్మే తల్లి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కిందటి ఏడాది మా నాన్నగారు 19 రోజులు ఐసీయూలో ఉండి కన్నుమూశారు. దేవుడు ఉన్నాడో లేడో మనిషి తేల్చలేడన్నది నా అభిప్రాయం. లెక్కల టీచరుగా రిటైరై తెనాలిలో ఉంటున్న అమ్మ మాత్రం నేనే కూర్చుని సంవత్సరీకం పెట్టాలంటుంది. నమ్మకం లేకుండా పెట్టడం కపటమని నేనన్నాను. మాటామాటా పెరిగి, "అన్ని మొక్కులు మొక్కావు, నాన్న బతికాడా?" అనేశాను. అప్పటినుంచి అమ్మ నా భార్యతోనే మాట్లాడుతోంది. తిథికి ఇంకా 40 రోజులుంది. అంత చదువుకున్న మనిషి ఎందుకిలా నమ్ముతుంది? నేనేం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది దేవుణ్ణి గురించిన మీ ప్రశ్న కాదు, మీ అమ్మగారిని మీరు అన్న ఆ ఒక్క మాట. దేవుడి సంగతి తేల్చలేమనుకునే మనిషికి మొక్కు ఫలించలేదని కోపం రావలసిన అవసరం లేదు. ఆ 19 రోజుల్లో మీకు తెలియకుండానే మీరు కూడా ఏదో ఆశ పెట్టుకున్నారని, అది తీరకపోయిన బాధను తీసుకెళ్లి అమ్మ మీద పెట్టారని నాకు అనిపిస్తోంది. తండ్రి పోయిన కొడుకు దుఃఖం అది, దానిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ అది తగిలింది భర్తను పోగొట్టుకున్న మనిషికి. కనుక మీరు క్షమాపణ అడగవలసింది మీ అభిప్రాయానికి కాదు, ఆ మాటకు.

ఇక ఎందుకు నమ్ముతారన్న మీ ప్రశ్న. నేనూ తెలియదనే పక్షాన ఉన్నదాన్నే కాబట్టి, నమ్మేవాళ్లను తక్కువ చేయకుండా ఈ ప్రశ్నకు జవాబు వెతకడం నాకూ అవసరమైంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జనజీవితాన్ని పరిశీలించిన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. ఒడ్డు పక్కన నిలకడగా ఉండే లోతు తక్కువ నీళ్లలో, ప్రమాదం లేకుండా నమ్మకంగా చేపలు దొరికేచోట, ఆ జాలర్లు ఏ మంత్రతంత్రాల జోలికీ పోయేవారు కాదు. ప్రాణాపాయం ఉండి, చేప పడుతుందో పడదో తెలియని నడిసముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం విస్తారంగా క్రతువులు చేసేవారు. పడవ నడపడం రాక చేసిన పని కాదది. తమ నేర్పు ఎంతవరకు పనికివస్తుందో బాగా తెలిసినవారు, ఆ హద్దు దాటిన చోట చేసిన పని.

ఇప్పుడు మీ ఉత్తరంలోనే మీరు రాసిన సంగతి ఒకటి మళ్లీ చూడండి. ఆస్పత్రిలో మీ అమ్మగారు ప్రతి మందు పేరూ, మోతాదూ, ఇచ్చిన వేళా నోటుపుస్తకంలో రాసుకునేవారని, డాక్టరు పొరపాటుగా చెప్పిన ఒక అంకెను కూడా ఆవిడే పట్టుకున్నారని రాశారు. ఐసీయూ తలుపు మూశాక బయట బల్ల మీద కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకునేవారని కూడా రాశారు. మీరు వీటిని ఒకే మనిషిలోని వైరుధ్యంగా చూశారు. నాకు మాత్రం ఇవి రెండూ ఒకే మనస్సు చేసిన రెండు పనులుగా కనిపిస్తున్నాయి: లెక్కకు అందినంతవరకు లెక్క వేశారు, తలుపు మూశాక ఆవిడ చేతిలో ఇంకేమీ మిగల్లేదు. చిన్నప్పటి అలవాటు, ఇరుగుపొరుగు, భయం, ఇవన్నీ కూడా నమ్మకానికి కారణాలే, కాదనను. కానీ మీ అమ్మగారి విషయంలో అసలు కారణం ఆ మూసిన తలుపు దగ్గరే ఉందని నా ఉద్దేశం.

కపటం గురించి అడిగారు. దేవుడి సంగతి తేల్చలేమనే మీవంటివారికి ఆంగ్లంలో "అగ్నాస్టిక్" అన్న పేరు పెట్టినవాడు థామస్ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త. 1869లో ఆ మాటను ఆయనే పుట్టించాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1860లో, నాలుగేళ్లయినా నిండని ఆయన పెద్దకొడుకు జ్వరంతో చనిపోయాడు. చార్లెస్ కింగ్‌స్లీ అనే మతాచార్యుడు ఓదారుస్తూ ఉత్తరం రాస్తే, హక్స్‌లీ కృతజ్ఞత చెబుతూనే, రుజువు లేని మరణానంతర జీవితాన్ని ఊరట కోసం ఒప్పుకోలేనని సుదీర్ఘంగా జవాబు రాశాడు. కొడుకు శవపేటిక వెనక నిలబడి ఉండగా మతాధికారి చదివిన ఒక వాక్యం తనను ఎంతగా నొప్పించిందో కూడా అందులో చెప్పాడు. నేను గమనించమనేది ఇది: ఆ వాక్యాన్ని ఒప్పుకోని మనిషి అక్కడే నిలబడ్డాడు, ఒప్పుకోలేదన్న సంగతిని దాచుకోనూ లేదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు నటిస్తే అది కపటం. నమ్మడం లేదని తల్లికి ముందే చెప్పి, ఆవిడ కోసం, తండ్రి కోసం కూర్చుంటే దాన్ని కపటమని నేననలేను. పైగా "తెలియదు" అన్న మాట మీ అమ్మగారి సంప్రదాయానికి పరాయిదేమీ కాదు. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం, ఈ సృష్టి ఎలా కలిగిందో పైనుంచి చూసేవాడికి తెలుసునేమో, ఆయనకూ తెలియదేమో అన్న సందేహంతోనే ముగుస్తుంది.

తద్దినంలో మీ చేత చెప్పించేదేమిటో కూడా ఆలోచించండి. తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి పేర్లూ పలికి నువ్వులూ నీళ్లూ వదలమంటారు. ఆ నీళ్లు ఎవరికైనా చేరతాయో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ పేర్లు మాత్రం మీవాళ్లవే. అయినా మనసు ఒప్పకపోతే, మీ పినతండ్రి కొడుకు చేత జరిపించవచ్చునేమో పురోహితుణ్ణి అడగండి, కానీ ఆ రోజు ఇంట్లో ఉండండి. ఎవరో చెప్పారని 60,000 రూపాయల శాంతి చేయించాలని ఆవిడ అనుకుంటున్నారన్నారు. అది వేరే సంగతి. దుఃఖంలో ఉన్న మనిషిని భయపెట్టి డబ్బు అడిగేవారికి వద్దని చెప్పడం కొడుకుగా మీ బాధ్యత, ఆ మాట మెత్తగానే చెప్పండి.

మీ భార్యను రాయబారానికి పంపకండి, ఫోనులో తేల్చుకోవాలని కూడా చూడకండి. ఈ ఆదివారమే తెనాలి వెళ్లండి. ముందు ఆ మాటకు క్షమించమని అడగండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, జవాబు చెప్పకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉండండి. తరువాత, "నాకు నమ్మకం లేదమ్మా, అయినా నీ పక్కన ఉంటాను" అని చెప్పండి. ఆ రోజు నాన్నగారికి ఇష్టమైనవి ఏమేం వండాలో అడిగి, సరుకుల జాబితా మీ చేత్తోనే రాయండి.