ఈద్రాకు ఒక్క రోజుకైతే వెళ్ళకు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఏథెన్స్‌లో పని ముగిశాక ఒక రోజు ఖాళీ దొరుకుతుందని, ఆ రోజు హైడ్రా ద్వీపం చూసి వస్తానని రాశావు. పేరు వినగానే మీ అత్తయ్యకు హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా గుర్తొచ్చి, "గ్రీసులో కూడానా?" అంది. అక్కడివాళ్ళు ఆ ద్వీపాన్ని, దాని రేవు ఊరిని కూడా ఈద్రా అంటారు. నువ్వూ అలాగే అను.

ఒక్క రోజుకైతే వెళ్ళకు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో వేగంగా వెళ్ళే నౌక ఎక్కితే రెండు గంటల్లో దిగుతావు, నిజమే. కానీ పగలంతా గట్టు తిరునాళ్ళలా ఉంటుంది. సాయంత్రం పడవలు వెళ్ళిపోయాకే ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది. సెలవు పొడిగించి రెండు రాత్రులు ఉండు. ఆగస్టు వద్దు, మే గానీ సెప్టెంబరు గానీ మేలు. తిరుగు విమానం ఉన్న రోజున మాత్రం ద్వీపంలో నిద్ర లేవకు. గాలి ముదిరితే నౌకలు ఆపేస్తారు. మా ఓడ మరమ్మతుకు పిరేయస్ దగ్గర ఆగినప్పుడు నేను అలాగే చిక్కుకున్నాను. నడిసముద్రంలో ఎన్ని తుపానులు దాటినవాణ్ణో, చిన్న పడవ కోసం రాత్రంతా గట్టు మీద కూర్చుని, మర్నాడు చీఫ్ ఇంజినీరు చేత చీవాట్లు తిన్నాను.

చక్రాల పెట్టె ఇంట్లో వదిలెయ్యి. ఊళ్ళో కార్లు, మోటారు సైకిళ్ళు నిషేధం, చెత్త బండి లాంటివి ఒకటి రెండు తప్ప. బరువులన్నీ గాడిదలూ కంచరగాడిదలే మోస్తాయి. వాటి మీదెక్కి ఫొటో దిగే సరదా నాకు నచ్చదు, నీ ఇష్టం. ఎటు చూసినా మెట్లే, రాళ్ళు అరిగి నునుపుగా ఉంటాయి. జారని అడుగున్న బూట్లు వేసుకో.

దిగగానే దుకాణాల వైపు పోకుండా, ఫిరంగులు పెట్టిన కొన దాకా నడిచి వెనక్కి తిరిగి చూడు. కొండ మీదికి వరసలుగా ఎక్కిన ఊళ్ళో, రాతి మేడలు కొన్ని కోటల్లా కనిపిస్తాయి. కట్టించింది రాజులు కాదు, ఓడల యజమానులు. బీడు నేల తిండి పెట్టదు కనుక వాళ్ళు సముద్రాన్ని నమ్ముకున్నారు. నెపోలియన్ యుద్ధాల్లో బ్రిటిష్ నౌకల దిగ్బంధాన్ని తప్పించుకుని ధాన్యం చేరవేసి, దండిగా గడించారు. 1821లో గ్రీకులు ఒట్టోమాన్ పాలనపై తిరగబడినప్పుడు ఆ ఓడలనే యుద్ధానికి దింపారు. తిరుగుబాటు నౌకలను నడిపిన మియావులిస్ ఈ ఊరివాడే. రేవు పక్కనున్న మ్యూజియంలో అతని గుండెను వెండి కలశంలో భద్రపరిచారు, తప్పకుండా చూడు. స్వాతంత్ర్యం వచ్చింది, ఊరి సంపద మాత్రం కరిగిపోయింది. తర్వాతి తరాలు సముద్రం అడుగున స్పాంజీలు ఏరుకుని బతికాయి.

పడమటి గుట్ట మీద పసుపు రంగులో కనిపించే లాజరోస్ కుందురియోతిస్ మేడ ఇప్పుడు మ్యూజియం. మేడలు చూసేటప్పుడు నీళ్ళ తొట్టి ఎక్కడుందో అడుగు. ఈద్రా అన్న మాటలోనే నీరుంది, ఊళ్ళో మాత్రం ఎప్పుడూ కరువే. వాన నీటిని ఇళ్ళ కింది తొట్లలోకి పట్టుకునేవారు, చాలకపోతే పడవల మీద తెప్పించుకునేవారు. ఇప్పుడు సముద్రపు నీటినే మంచినీరుగా మారుస్తున్నారు. ఓడలో ఆ యంత్రాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నవాణ్ణి కాబట్టి, నాకు మేడల చిత్రపటాల కంటే ఆ తొట్లే ఎక్కువ నచ్చాయి!

కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్ 1960లో కొన్న ఇంటి కోసం జనం సందులన్నీ గాలిస్తుంటారు. దొరికితే తలుపు చూసి వచ్చెయ్యి, తట్టకు. దానికంటే గడియారపు గోపురం కింది దారిలోంచి పాత మఠం ముంగిట్లోకి వెళ్ళు. రెండడుగుల్లో రేవు రొద తగ్గిపోతుంది. సాయంత్రం సముద్రం పక్క దారిలో కామిని అనే చిన్న రేవు దాకా నడువు, ఇరవై నిమిషాలు చాలు. ఈస్టరు ముందు శుక్రవారం రాత్రి అక్కడివాళ్ళు పూలతో అలంకరించిన క్రీస్తు పాడెను భుజాల మీద మోస్తూ సముద్రంలోకి దిగుతారు. ఎప్పుడైనా ఆ సమయానికి వెళ్ళాలనుకుంటే వాళ్ళ పంచాంగం చూసుకో, వాళ్ళ ఈస్టరు తరచుగా మన చర్చిల్లో జరిగే తేదీకి రాదు.

శాకాహారివి కదా, "నిస్తీసిమో" ఏముందని అడుగు. ఉపవాస దినాల తిండి అన్నమాట, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం వాళ్ళ లెక్కలో ఉపవాసానికి పనికొస్తాయి, కాబట్టి మళ్ళీ ఒకసారి అడిగి తిను. నిమ్మరసం, ఆలివ్ నూనె వేసిన ఉడికించిన ఆకుకూర బాగుంటుంది, ఉప్పు మాత్రం నువ్వే కలుపుకోవాలి.

వచ్చేటప్పుడు బాదం మిఠాయి ఒక పొట్లం తీసుకురా. మీ అత్తయ్యకు చెప్పకు, నా షుగరు సంగతి మళ్ళీ ఎత్తుతుంది.

మీ మామయ్య