బ్రౌజర్ మారితే తడబడింది... సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కష్టమేనా?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడాది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వేసుకుని క్రోమ్‌లో అన్ని పనులూ తనే చేసుకుంటుంది. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో వేరే బ్రౌజర్ ఉన్న సిస్టమ్ ఇచ్చారు. అడ్రస్ బార్ దగ్గరే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ మనకెందుకు, బీఈడీ చేయించమని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: పాఠం చెప్పడం అమ్మాయికి ఇష్టమైతే బీఈడీ చేయించండి. ఒక ఇంటర్వ్యూ పోయిందని మాత్రం అటు పంపకండి. ఆ రోజు తను ఎక్కడ ఆగిపోయిందో అక్కడే ఒక ఉద్యోగం ఉంది. వెబ్‌సైట్లు, యాప్‌లు వికలాంగులు కూడా వాడగలిగేలా ఉన్నాయో లేదో పరీక్షించే ఆ పనిని యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు.

ముందు బ్రౌజర్ సంగతి. పేర్లు డజన్ల కొద్దీ ఉన్నా, కంప్యూటర్లలో వాటి లోపల ఉండి పేజీని తయారుచేసి చూపించే ఇంజిన్లు ఎక్కువగా మూడే. క్రోమ్ ఇంజిన్ మీదే బ్రేవ్, ఒపెరా, వివాల్డీ నడుస్తాయి. 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా అంతే. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. వాటర్‌ఫాక్స్, లిబ్రేవుల్ఫ్ దాని నుంచి పుట్టినవే. ఆపిల్ సఫారీది వెబ్‌కిట్, దానికి తోడు ఆపిల్ సొంత స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్. కాబట్టి పేజీ లోపలికి వెళ్లాక బ్రేవ్‌లోనైనా ఎడ్జ్‌లోనైనా మీ అమ్మాయికి అలవాటైన మీటలే పనిచేస్తాయి: శీర్షికలకు హెచ్, లింకులకు కె, బటన్లకు బి.

చిక్కంతా పేజీ బయట ఉంటుంది. ట్యాబ్‌లు, మెనూలు, సెట్టింగులు ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా కడతారు. ఉదాహరణకు వివాల్డీలో పేజీ చుట్టూ ఉండే ఈ చట్రాన్ని కూడా వెబ్ పేజీలా హెచ్‌టీఎంఎల్‌తోనే తయారుచేశారు. ఇలాంటి చోట స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు తాము పేజీలో ఉన్నామో టూల్‌బార్‌లో ఉన్నామో తెలియక టెన్షన్ మొదలవుతుంది. ఇన్సర్ట్‌తో స్పేస్ కొట్టి పేజీ చదివే బ్రౌజ్ మోడ్, పెట్టెల్లో టైపు చేసే ఫోకస్ మోడ్ మార్చుకోవడం, ఎఫ్6తో చట్రం నుంచి పేజీలోకి దూకడం, ఇన్సర్ట్‌తో ఎఫ్7 కొట్టి లింకులు, శీర్షికల జాబితా తెరవడం చేతికి రావాలి. ఇంకో సంగతి. క్రోమ్ కుటుంబంలో స్క్రీన్ రీడర్‌కు కావలసిన సమాచారం ఎప్పుడూ సిద్ధంగా ఉండదు. ఎప్పుడూ తయారుచేస్తే వేగం తగ్గుతుంది కాబట్టి, స్క్రీన్ రీడర్ నడుస్తోందని పసిగట్టాకే బ్రౌజర్ దాన్ని తయారుచేస్తుంది. కొత్త బ్రౌజర్‌లో పేజీ అసలు పలకకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో ఏం చేస్తారో చూడండి. డబ్బు పంపే పేజీ ఒకటి తెరిచారనుకుందాం. పేజీలోని చివరి బటన్ దగ్గర ఎన్‌వీడీఏ ‘బటన్’ అని మాత్రమే అంటుంది, ఏం బటనో చెప్పదు. అదే పేజీని ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెరవాలి. మూడింట్లోనూ అంతే అయితే తప్పు దాదాపుగా పేజీ రాసినవాళ్లదే, బటన్‌కు పేరు పెట్టలేదు. ఒక్కదాంట్లోనే అయితే బ్రౌజర్ మీద అనుమానం. విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి, విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్‌తో వింటే సరిగ్గా చదివిందా? అయితే ఎన్‌వీడీఏ వైపు చూడాలి. ఏ వెర్షన్, ఏ మీట కొట్టాను, ఏం వినపడింది, ఏం వినపడాలి అని రిపోర్టు రాయాలి. చూపున్న టెస్టర్లు స్క్రీన్ రీడర్‌ను పని కోసం నేర్చుకుంటారు, మీ అమ్మాయి రోజంతా దానితోనే బతుకుతోంది.

డిమాండ్ ఉందా అంటారా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. 2025 జూలైలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన పరిధిలోని సంస్థల వెబ్‌సైట్లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉండాలని సర్క్యులర్ ఇచ్చింది. యూరప్‌లో ఇలాంటి చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి క్లయింట్లకు పనిచేసే మన కంపెనీలకూ ఆ సెగ తగులుతుంది. అలాగని ప్రతి గల్లీలో ఈ ఉద్యోగం దొరకదు. హైదరాబాద్, బెంగళూరు వెళ్లడానికో, ఇంటి నుంచి పనికో సిద్ధపడాలి.

ఈ ఆరు నెలల్లో హెచ్‌టీఎంఎల్, ఏరియా (ARIA – పేజీలోని భాగాలేమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే కోడ్), డబ్ల్యూసీఏజీ 2.2 (అందరూ వాడగలిగే వెబ్‌సైట్లకు ప్రమాణాలు) నేర్చుకోమనండి. ఆ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ల ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. వేలకు వేలు ఫీజు అడిగే చోట ఇప్పుడే చేర్చకండి. ఈ రంగంలో ఇచ్చే సీపీఏసీసీ సర్టిఫికెట్ పరీక్ష ఉద్యోగంలో చేరాక రాసుకోవచ్చు, ఫీజు కంపెనీయే కట్టే అవకాశం కూడా ఉంటుంది. తెలుగు పేజీలనూ పరీక్షించమనండి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని రాయకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతోనే తంటాలు పడొచ్చు. తెలుగు రాని టెస్టర్‌కు ఈ లోపం చెవికి ఆనదు.

ఈసారి ఇంటర్వ్యూ పిలుపు రాగానే హెచ్‌ఆర్‌కు అమ్మాయి చేతే మెయిల్ పెట్టించండి: ఏ బ్రౌజర్ ఇస్తారు, నా ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చా అని. ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. దానికి అనుమతి కూడా అదే మెయిల్‌లో అడగమనండి.