శ్రుతి ఒకటిన్నరా, ఇరవై రెండా?

సందేహం: మా పాప చిక్కడపల్లిలో సంగీతం నేర్చుకుంటోంది. టీచరుగారు ‘ఒకటిన్నర శ్రుతి’ అంటారు. పుస్తకంలో శ్రుతులు 22 అని ఉంది. మళ్లీ ‘చతుశ్రుతి రిషభం’ అట. ఈ అంకెలకు పొంతన ఏమిటి? ‘శృతి’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అంకెలన్నీ సరైనవేనమ్మా. ఒకే మాట రెండు పనులు చేస్తోంది, అంతే.

ఒకటిన్నర శ్రుతి అన్నది చిరునామా. హార్మోనియంలో ‘సా’ ఏ మెట్టు మీద పెట్టుకోవాలో చెబుతుంది. మొదటి తెల్లమెట్టు ఒకటి, పక్కనున్న నల్లమెట్టు ఒకటిన్నర. మూడుకీ నాలుక్కీ మధ్య నల్లమెట్టు లేదు, అందుకే మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 అంటే పన్నెండు రోడ్లని కాదు కదా!

22 అన్నది ‘సా’ నుంచి పై ‘సా’ దాకా ఉన్న దూరాల లెక్క. భరతుడి నాట్యశాస్త్రం షడ్జ మధ్యమ పంచమాలకు (స, మ, ప) నాలుగేసి, రిషభ ధైవతాలకు (రి, ద) మూడేసి, గాంధార నిషాదాలకు (గ, ని) రెండేసి శ్రుతులు పంచింది. రిషభంలో రకాలున్నాయి; మీ టీచరుగారు చెప్పినది షడ్జానికి మూడు కాక నాలుగు శ్రుతుల ఎత్తున ఉంటుంది కాబట్టి అది చతుశ్రుతి రిషభం. మన వాడుకే ఈ తేడా పట్టిస్తుంది చూడండి: ‘నాలుగు శ్రుతి’ అంటే మెట్టు, ‘నాలుగు శ్రుతులు’ అంటే కొలత.

ఆ కొలత ఎంత చిన్నది? భరతుడు పంచమాన్ని రవ్వంత దించి, ఆ తేడాను ప్రమాణ శ్రుతి అన్నాడు. ఇప్పటివాళ్లు దాన్ని 81/80 నిష్పత్తిగా, అంటే సుమారు 21.5 సెంట్లుగా (స్వరాల మధ్య దూరానికి కొలత) లెక్కగడతారు. హార్మోనియంలో పక్కపక్క మెట్ల దూరమే 100 సెంట్లు. ఇక అందులో వెతికితే ఏం దొరుకుతుంది? పాపను తంబురా పక్కన కూర్చోబెట్టండి. మధ్య తీగలు రెండూ ఒకే స్వరానివి. వాటి మధ్య సెకనుకు రెండు కంపనాల తేడా ఉన్నా నాదం సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. టీచరుగారు పూసను గోటితో కాస్త జరపగానే ఆ ఊగు ఆగిపోతుంది. ‘శ్రుతి కలిసింది’ అనేది అప్పుడే.

ఇక రాత సంగతి. వినడం అనే అర్థమున్న ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చింది కాబట్టి శ్రుతి అనే రాయాలి. విశ్రుతం, బహుశ్రుతుడు దీని చుట్టాలే. పక్కనే ఉన్న ‘కృతి’కి వట్రసుడి ఉంది, అది ‘కృ’ ధాతువుది. పలికేటప్పుడు మనకు ‘శ్రు’, ‘శృ’ రెండూ ఒకేలా వినిపిస్తాయి, అక్కడే చెయ్యి జారుతుంది. ఎవరైనా అమ్మాయి పేరు ఎస్సెస్సీ మెమోలో ‘శృతి’ అని పడి ఉంటే మాత్రం వ్యాకరణం కోసం దాన్ని కదపకండి, ఆఫీసుల చుట్టూ తిరగలేరు.